చెమ్మ లేని గోడ

"ఆ ఫ్లాటు అద్దెకివ్వొద్దు తమ్ముడూ. కొన్నాక నేనే వెళ్ళి అందులో ఉంటాను."

వదిన ఈ మాట అన్నది భోజనాల దగ్గర, మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కుంటూ. వాన వచ్చేలా ఉందనో, రేపు పాలు ఇంకాస్త ఎక్కువ కావాలనో చెప్పినంత మామూలుగా అన్నది. అందుకే అక్కడున్నవాళ్ళకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. తమ్ముడు నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ముద్ద అక్కడే ఆగిపోయింది. తమ్ముడి కూతురు చిట్టి, అత్త ముఖంలోకి చూసి, నవ్వాలో వద్దో తేలక తల్లి వంక చూసింది. మరదలు చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"అదేమిటక్కా..." అన్నాడు తమ్ముడు.

"ఏముందిరా. ఉండాలనిపించింది. అంతే."

చెయ్యి కడుక్కుని, తనూ మేనకోడలూ కలిసి పడుకునే గదిలోకి వెళ్ళిపోయింది. బల్ల దగ్గర మిగిలిన ముగ్గురూ ఆ పూట ఏం తిన్నారో వాళ్ళకే తెలియదు.

ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. తమ్ముడిది కళ్ళజోళ్ళ దుకాణం. మరదలు చిన్నపిల్లల బడిలో టీచరు. చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, పదో తరగతిలోకి వచ్చింది. ఇక వదిన, అంటే తమ్ముడి అక్క, టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, ఆ బోర్డులూ తీగలూ పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా అదే ఆఫీసులో కొనసాగి, ఈమధ్యే రిటైరైంది. తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. జడ వేసుకుని స్నేహితురాళ్ళతో తిరగవలసిన పిల్ల ఒక్కసారిగా ఇంటికి పెద్దదైపోయింది. తమ్ముణ్ణి చదివించింది, దుకాణం పెట్టించింది, ఏరికోరి పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే మాత్రం, "మీరు కోరిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఆపరేటరు గొంతుతో అనేసేది. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాళ్ళు. అలా నవ్వుతూ నవ్వుతూనే అడిగేవాళ్ళు లేకుండా పోయారు. చిట్టి తనకు మాటలొచ్చే వయసులో ఆమెకు పెట్టిన పేరు 'హలో అత్త'. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి అందరికీ ఇప్పుడదే పేరు.

రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము ఊరికే పడి ఉండకుండా ఒక ఫ్లాటు మీద పెడదామన్నది తమ్ముడి ఆలోచన. నెలనెలా అద్దె అక్క చేతికొస్తుంది, ఏ చిన్న అవసరానికీ ఆమె ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. ఊరి చివర, పెద్దాసుపత్రి దాటాక కట్టిన అపార్ట్‌మెంట్లు ఆయన దృష్టిలో పడ్డాయి. మొదటి బ్లాకులో జనం చేరిపోయారు. రెండోది పూర్తయి అమ్మకానికి ఉంది. మూడోదానికి పునాదులు తవ్వుతున్నారు. ఆయన ఏ పనైనా భూతద్దం పెట్టి చూసే మనిషి. స్థలం ఎవరి పేరున ఉందో, అనుమతి ఎన్ని అంతస్తులకు తీసుకుని ఎన్ని వేశారో, తాకట్టులో ఏమైనా ఉందో, కాగితాలన్నీ తెచ్చి వకీలుకు చూపించాడు. మొదటి బ్లాకులో అద్దెలు ఎలా ఉన్నాయి, ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరు దొరకడానికి ఎంతకాలం పడుతోంది, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు ఎంతమంది ఇటు చూస్తున్నారు, ఇవన్నీ కనుక్కున్నాడు. అన్నిటికీ మంచి జవాబులే వచ్చాయి.

అందరూ కలిసి చూడ్డానికి వెళ్ళిన రోజు అదొక విహారయాత్రలా గడిచింది. అమ్మకాలు చూసే ఆవిడ నవ్వు ముఖంతో అన్ని గదులూ తిప్పింది. తమ్ముడు నాణెంతో నేల మీది పలకల్ని కొట్టి, కింద బోలుగా ఉందేమోనని చెవి ఆనించి విన్నాడు. మరదలు ఉన్న కుళాయిలన్నీ విప్పేసింది. చిట్టి తలుపులన్నీ వేసి తీసింది. వదిన ఒక్కతే పడకగది కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా ఏమీ లేని ఖాళీ స్థలంలోకి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. "అక్కా, నువ్వే అద్దెకు దిగేట్టున్నావే" అని తమ్ముడు హాస్యమాడాడు. వదిన నవ్వింది. ఆ రోజు అన్న ఆ హాస్యపు మాట ఇప్పుడు ఆయన గొంతులో ముల్లులా దిగబడింది.

మర్నాడు పొద్దున దుకాణానికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, భార్యను అడిగాడు ఆయన.

"నువ్వేమైనా అన్నావా అక్కను?"

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న ఆమె గుండెను రెండుగా చీల్చింది. ఇన్నేళ్ళ కాపురంలో భర్త ఆమెను ఆ మాట ఎన్నడూ అడిగి ఎరగడు. అడగవలసిన అవసరం వాళ్ళ ముగ్గురి మధ్యా ఎన్నడూ రాలేదు. తను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున కొత్త చోటు బెదురుతో వణికిపోతుంటే, చెయ్యి పట్టుకుని, "ఇదిగో వంటిల్లు, ఇవిగో డబ్బాలు, ఏది ఎక్కడుందో నాకూ సరిగ్గా తెలీదు, ఇద్దరం కలిసి వెతుక్కుందాం" అని నవ్వించిన మనిషి వదిన! అలాంటి మనిషిని తను ఏమంటుంది? ఏమని ఉంటుంది?

అయినా వెతుక్కోవడం మొదలుపెట్టింది. పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ వెతుక్కుంది, కూరలు తరుగుతూ వెతుక్కుంది. చిట్టికి చదువుకోవడానికి వేరే గది లేదని ఎప్పుడో విసుక్కుంది... అది విన్నదా? బట్టల బీరువా ఇరుకైపోయిందని ఒకసారి అన్నది... అదా? టీవీ గట్టిగా పెట్టారని ఒకనాడు తలనొప్పిలో విసురుగా తలుపు వేసింది. అదేనేమో! వెతికేకొద్దీ ఒకటి కాదు, పది దొరికాయి. కలిసి బతికే ఇంట్లో ఎవరైనా అనే మాటలే అవన్నీ. కానీ ఇప్పుడు ప్రతి మాటా తన మీద వేలెత్తి చూపిస్తున్నట్టే తోచింది ఆమెకు. వదినను అడుగుదామని ఆమె గది దాకా వెళ్ళేది. వదిన ఎప్పటిలాగే, "ఏం పిల్లా, టీ పెట్టనా?" అనేది. ఏమీ అడగలేక వెనక్కి వచ్చేసేది.

తమ్ముడు మాత్రం అలిగాడు. "నేనిక ఆ ఫ్లాటు ముఖం చూడను. అక్క వెళ్ళిపోవడానికి ఇల్లు నేను వెతికి పెట్టాలా?" అని భార్య దగ్గర తేల్చి చెప్పేశాడు. బయానా ఇచ్చే ముందు చూడవలసినవి ఇంకా మిగిలే ఉన్నాయి. ఎండలో ఎలా ఉంటుంది, వానలో ఎలా ఉంటుంది, ఉంటున్నవాళ్ళు ఏమంటున్నారు... ఆ పని తను చేస్తానన్నది మరదలు. ఆ పని తన నెత్తిన ఎందుకు వేసుకున్నదో ఆమె ఎవరికీ చెప్పలేదు. అందులో ఒక్క లోపం దొరికితే చాలు! ఒక్క పెద్ద లోపం! అప్పుడు కొనే మాట ఉండదు. కొనకపోతే వదిన వెళ్ళడమూ ఉండదు.

బడి అయ్యాక, ఎండ పడమటికి వాలి మండిపోతున్నప్పుడు ఒకసారి వెళ్ళింది. పడమటి గోడ సెగలు కక్కుతుందనుకుంటే, మొదటి బ్లాకు నీడ దాని మీద పడి ఇల్లంతా చల్లగా ఉంది. వాన దంచికొడుతున్న రోజున గొడుగు పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. కిటికీల అంచుల్లో వేలు పెట్టి చూసింది. డాబా మీద నీళ్ళు నిలిచాయేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగింది. బండ్లు పెట్టే చోట మడుగులు కట్టాయేమోనని వంగి చూసింది. నీళ్ళన్నీ బుద్ధిగా గొట్టాల్లోకీ కాలవల్లోకీ దిగిపోతున్నాయి. స్నానాలగదిలో బకెట్టెడు నీళ్ళు కుమ్మరించింది. ఒక్క చుక్క మూలన నిలవలేదు.

మొదటి బ్లాకులో బట్టలు ఆరవేస్తున్న ఒకావిడతో మాట కలిపింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నీళ్ళ సంగతి ఏమిటని అడిగితే, ఇంతవరకు ట్యాంకరు ముఖం చూడలేదన్నది. లిఫ్టు సంగతి ఏమిటంటే, కరెంటు పోయినా నడుస్తుందన్నది. ఇక్కడేమీ ఇబ్బందుల్లేవా అని మరదలు దాదాపు బతిమాలినట్టు అడిగింది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, పై అంతస్తు పిల్లాడు ఇంట్లోనే బంతి ఆడతాడని, సాయంత్రం బస్సులు కాస్త తక్కువని, అంతకుమించి ఏమీ లేవని చెప్పింది. మరదలి ముఖం వాడిపోవడం చూసి పాపం ఆవిడే నొచ్చుకుని, "కావాలంటే ఆ పిల్లాడికి చెబుతాం లెండి" అన్నది.

చివరి ఆశగా, తన క్లాసులో చదివే ఒక పాప తండ్రి ఇళ్ళు కట్టే ఇంజనీరైతే, ఆయన్ని బతిమాలి తీసుకెళ్ళింది. ఆయన స్తంభాలు చూశాడు, స్లాబు చూశాడు, గోడల మీద గీతల్లాంటి పగుళ్ళు కనిపిస్తే వాటిని గోరుతో గీకి, అవి పైపూతవేనన్నాడు. అన్నీ అయ్యాక చేతులు దులుపుకుని, "నిక్షేపంగా ఉంది టీచరుగారూ. మీరు వద్దంటే చెప్పండి, నేను తీసుకుంటాను" అన్నాడు. శుభవార్త విన్న మనిషి కళ్ళలో నీళ్ళు ఎందుకు తిరిగాయో ఆయనకు అర్థం కాలేదు. సంతోషమనుకుని తనూ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి భర్త అప్పుడే దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. చిట్టి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. వదిన ఆరిన బట్టలు ఒళ్ళో వేసుకుని మడతపెడుతోంది. "ఏమైంది?" అని భర్త ముభావంగా అడిగాడు. నిజం చెప్పాలనే నోరు తెరిచింది ఆమె. తెరిచిన నోటికి ఎదురుగా వదిన కనిపించింది. చిట్టి గౌను ముడతలు అరచేత్తో సాపు చేస్తూ, దాన్ని ఎంతో ముద్దుగా మడతపెడుతోంది. ఆ చేతులు రేపు ఇంకో ఇంట్లో ఒక్కరి బట్టలే మడతపెట్టుకుంటాయని తోచేసరికి ఆమె చూపు భర్త వైపు తిప్పుకుంది.

"పడకగది గోడకు చెమ్మ ఉందండీ. ఇంజనీరుగారు వద్దన్నారు."

భర్త ముఖం ఒక్క క్షణంలో విప్పారింది. అయితే ఆ మాట వదిలేద్దాం, ఇంకెక్కడైనా తీరిగ్గా చూసుకోవచ్చు, తొందరేముంది అని గబగబా అనేశాడు. ఎన్నాళ్ళకో అక్క పక్కన చనువుగా కూర్చున్నాడు. చిట్టి కుర్చీలోంచి లేచి వచ్చి అత్త మెడ చుట్టూ చేతులు వేసింది. వదిన మాత్రం "అలాగా" అన్నది. అని, చేతిలో గౌనును ఇంకోసారి విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మర్నాడంతా మరదలి మనసు మనసులో లేదు. వదిన జీవితమంతా పనిచేసి దాచుకున్న సొమ్ముకు దొరక్కదొరక్క దొరికిన మంచి చోటు! దాన్ని తన ఒక్క మాటతో చెడగొట్టింది. ఎవరి మంచి కోసం? వదిన కోసమా, తన కోసమా? అబద్ధం ఆడకూడదని చిన్నపిల్లలకు కథ చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయింది. ముందు వరుసలో కూర్చున్న పిల్ల, "తర్వాత ఏమైంది టీచర్?" అని అడిగింది. తర్వాత ఏమైందో ఆమెకూ తెలియదు...

బడి గంట కొట్టాక బయటికి వస్తే, గేటు ముందు ఆటోలో వదిన కూర్చుని ఉంది.

"ఎక్కు పిల్లా. ఆ చెమ్మేదో నేనూ చూడాలి" అన్నది.

ఎన్నో ఏళ్ళుగా ఒకే వంటింట్లో, ఒకళ్ళ మాటకు ఒకళ్ళు అడ్డం పడుతూ గలగలా మాట్లాడుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఆ ఆటోలో చెరో పక్కకీ చూస్తూ కూర్చున్నారు. అమ్మకాల ఆవిడ తాళం చెవులు ఇచ్చి, కింద తనకేదో పని ఉందని ఆగిపోయింది. వాళ్ళిద్దరే పైకి వెళ్ళారు.

ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడు పెద్దగా వినిపించింది. వదిన నేరుగా పడకగదిలోకి నడిచి, కిటికీ పక్క గోడ మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత చెంప ఆనించింది. అవతలి గోడ దగ్గరికి వెళ్ళి అక్కడా అలాగే చూసింది.

"ఏదీ చెమ్మ?"

మరదలు తల వంచుకుంది.

"జీవితమంతా గొంతులు విని బతికినదాన్ని నేను. ఇంజనీరుగారు వద్దన్నారని నువ్వు అంటుండగానే తెలిసింది. ఎందుకన్నావో చెప్పు."

ఆ మాటతో ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా కట్ట తెగింది. మరదలు ఉన్నచోటే గోడకు జారగిలబడి నేల మీద కూలబడిపోయింది. రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనేం అన్నాను వదినా... ఏ మాట అన్నానో చెప్పండి. రోజూ వెతుక్కుంటున్నాను. కొన్ని దొరికాయి కానీ, ఏదో తెలియడం లేదు. ఏదైనా సరే, తప్పయిపోయింది. మీరు వెళ్ళొద్దు..."

వదిన కిటికీ ఊచ పట్టుకుని, ఒక కాలు ముందుకు చాపి, పళ్ళ బిగువున నెమ్మదిగా కిందికి దిగి మరదలి పక్కన కూర్చుంది. ఆ కూర్చోవడానికి ఆమె ఎంత అవస్థ పడిందో మరదలు కన్నీళ్ళ మధ్యనుంచే చూసింది. చూసి, ఏడుపు ఆపేసింది.

"ఏమైంది వదినా మోకాలికి?"

"ఒకటి కాదు, రెండూను. రెండూ మార్చాలన్నాడు డాక్టరు. మార్చినా మునుపటిలా అవుతాయన్న నమ్మకం లేదట. ముందు ముందు మంచం దిగడానికి కూడా మనిషి కావాల్సి రావచ్చన్నాడు."

"మాకు చెప్పలేదే..."

"చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు కనక చెప్పలేదు." వదిన మోకాలు నిమురుకుంది. "చివరి రోజుల్లో నాన్న పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నేను డ్యూటీలకు పోయేదాన్ని. చేసిందంతా నువ్వు. ఒకరోజు పెందలాడే వచ్చాను. నాన్న పక్కబట్టలు ఉతుకుతూ ఉతుకుతూ స్నానాలగదిలో గోడకు ఆనుకుని నిద్రపోయావు నువ్వు. తడి దుప్పటి ఒళ్ళోనే ఉంది. నిన్ను లేపలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. ఈ పిల్ల చేత నా కోసం మళ్ళీ ఈ పని చేయించకూడదు అని ఆరోజే అనుకున్నాను. అందుకే ఈ ఇల్లు. నువ్వు ఏమీ అనలేదే, పిచ్చిదానా. నువ్వేమైనా అని ఉంటే పోట్లాడి అక్కడే ఉండేదాన్ని."

ఆ దుప్పటి సంగతి మరదలికే గుర్తులేదు. ఆ రోజుల్లో ఎవరూ చూడలేదనుకున్న పనిని, ఎవరూ చూడాలని తను కోరుకోని పనిని, ఒక మనిషి గుమ్మంలో నిలబడి చూసింది. చూసి, ఇన్నేళ్ళూ మనసులో మోసింది! కొంగుతో ముఖం తుడుచుకుని, వదిన వైపు తిరిగి సూటిగా కూర్చుంది.

"మీరు నన్ను చూశారు సరే. నేను మిమ్మల్ని చూడలేదనుకున్నారా?"

"నేనేం చేశాను?"

"చిట్టి పుట్టినప్పుడు..." అని ఆగింది మరదలు. వాళ్ళిద్దరి మధ్యా ఎన్నడూ పైకి రాని మాట అది. చిట్టి పుట్టాక కొన్ని నెలలపాటు ఆమె మనసు చీకటైపోయింది. బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోవాలనిపించేది కాదు. పాలివ్వాలంటే భయం వేసేది. గోడ వైపు తిరిగి పడుకుని ఊరికే కన్నీళ్ళు కార్చేది. ఆ రోజుల్లో వదిన ఆఫీసుకు సెలవు పెట్టింది. బిడ్డను తన భుజాన వేసుకుని తిప్పింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ బాలింతకు జ్వరమని చెప్పి గుమ్మంలోంచే పంపేసింది. చివరకు తమ్ముడికి కూడా సగమే చెప్పింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా, మాటవరసకు కూడా, దాన్ని గుర్తు చెయ్యలేదు.

"అప్పుడు నేను మీకు బరువనిపించానా వదినా?"

వదిన కిటికీ వైపు చూసింది.

"చెప్పండి. నా తల దువ్వి, నాకు అన్నం తినిపించి, నా బిడ్డను పెంచారు. ఒక్క పూటైనా విసుగనిపించిందా మీకు?"

"లేదే..." అన్నది వదిన. ఆపరేటరు గొంతు కాదది, నూతిలోంచి వచ్చినట్టుంది. "నువ్వెప్పుడు నవ్వుతావా అని చూస్తూ కూర్చునేదాన్ని, అంతే."

"మరి నా దగ్గరికొచ్చేసరికి లెక్క ఎందుకు మారిపోయింది? మీరు చేస్తే ప్రేమ, నేను చేస్తే కష్టమా?"

కిటికీలోంచి గాలి వీచింది. కింద మూడో బ్లాకు దగ్గర కంకర కలిపే యంత్రం గుర్రుమంటూ తిరుగుతోంది. వదిన చెంపల మీద కన్నీళ్ళు ధారలుగా జారుతున్నా తుడుచుకోలేదు. మరదలే తన కొంగుతో తుడిచింది.

"ఆ రోజు ఈ కిటికీ దగ్గర నిలబడి ఏం ఆలోచించానో తెలుసా?" అన్నది వదిన ఎట్టకేలకు. "మోకాళ్ళు పట్టేస్తే మంచం మీదనుంచి ఎవర్ని కేకెయ్యాలా అని. ఎంత ఆలోచించినా నోటికి నీ పేరే వచ్చింది. ఇక్కణ్ణించి కేకేస్తే నీకు వినిపించదు కదా అని దిగులేసింది."

మరదలు ఏడుస్తూనే నవ్వేసింది. ఆ నవ్వు చూసి వదినా నవ్వింది. ఆ ఖాళీ గదిలో, కొత్త సున్నం వాసనలో, ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల పెట్టుకుని, ఏడుపేదో నవ్వేదో తెలియకుండా ఉండిపోయారు.

"సరే, కానీ ఒక షరతు" అన్నది వదిన కాస్త తేరుకున్నాక. "ఫ్లాటు వదలొద్దు. బంగారంలా ఉంది. అద్దెకిద్దాం. ఆ అద్దెతో నాకు సాయానికి ఒక మనిషిని పెట్టాలి. నువ్వు ఒక్కదానివే మొయ్యడానికి వీల్లేదు. ఇంకో సంగతి. మా తమ్ముడికి దేవుడు చేతులిచ్చాడా లేదా? అక్కకు కాళ్ళు పట్టడం వాడికీ రావాలి."

"చెబుతాను."

"చెప్పడం కాదు, నేర్పాలి. ముందు నన్ను లేవదీయి."

ఎవరి సాయమూ అడగడం అలవాటులేని మనిషి తనంతట తను చెయ్యి చాపింది. మరదలు ఆ చేతిని రెండు చేతులతో అందుకుంది.

ఇంటికి వెళ్ళాక, భర్త రాగానే మరదలు ఏమీ దాచకుండా చెప్పేసింది. చెమ్మ లేదని, తనే కల్పించిందని, ఎందుకు కల్పించిందో కూడా. ఆయన ముఖం మొదట ఎర్రబడింది. మోకాళ్ళ సంగతి వినేసరికి తెల్లబోయాడు. రోజూ ఎందరికో చూపు సరిచేసి పంపే తను, పక్కగదిలో అక్క గోడ పట్టుకుని నడవడం చూడలేకపోయానే అని కుమిలిపోయాడు. అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆమె పాదం ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎలా పట్టాలో తెలియక ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. "గట్టిగా పట్టరా, అదేం కళ్ళద్దం కాదు పగలడానికి" అని వదిన అనేసరికి చిట్టి పకపకా నవ్వింది. ఆపరేషనయ్యాక తెల్లవారుజామున అత్తకు కావలసినవి చూసుకునే వంతు తనదేనని, తను ఎలాగూ చదువుకోవడానికి లేస్తానని చిట్టి ప్రకటించింది. ఆ పిల్ల ఎన్నడు అంత పెందలాడే లేచిందో ఎవరికీ గుర్తు రాలేదు. అయినా ఎవరూ కాదనలేదు.

తర్వాత వంటింట్లోకి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు ఆయన. "ఆ రోజు గుమ్మంలో నేను అడిగిన మాట... అడగకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆమె కడిగిన గిన్నె ఆయన చేతికిచ్చి, తుడవమన్నది. ఆయన తుడిచాడు.

బయానా ఇచ్చారు. మిగతా కాగితాలు వకీలు ఇంకోసారి చూశాడు. మొదటి బ్లాకులో ఉంటున్న ఆ నర్సు, తన తోటి ఉద్యోగిని ఒకావిడ తల్లితో కలిసి ఉండడానికి ఇల్లు వెతుక్కుంటోందని, ఈ ఫ్లాటు వాళ్ళకే ఇవ్వమని ముందే కబురుపెట్టింది. ఆ తల్లి పెద్దావిడకు మెట్లెక్కే పని ఉండకూడదని, లిఫ్టు దగ్గరి ఫ్లాటు కావడం మంచిదైందని వదిన తెగ సంబరపడింది.

రిజిస్ట్రేషను రోజున నలుగురూ వెళ్ళారు. ఆఫీసు నిండా జనం. కూర్చోవడానికి చోటు లేకపోతే తమ్ముడు ఎక్కడినుంచో ఒక కుర్చీ సంపాదించుకొచ్చి అక్కను కూర్చోబెట్టాడు. వంతు వచ్చినప్పుడు మరదలు భుజం ఆసరా ఇచ్చి బల్ల దగ్గరికి నడిపించింది. బల్ల వెనక గుమాస్తా తలెత్తకుండా, అలవాటైన గొంతుతో ఒక్కో ప్రశ్నా అడుగుతూ కంప్యూటరులో ఎక్కిస్తున్నాడు. కొంటున్నది ఎవరు, అమ్ముతున్నది ఎవరు, సాక్షులు ఎవరు... అన్నిటికీ తమ్ముడే జవాబులు చెబుతున్నాడు.

"కొన్న ఇంట్లో మీరే ఉంటారా అమ్మా, అద్దెకిస్తారా?" అని అడిగాడు గుమాస్తా.

తమ్ముడు నోరు తెరవబోయాడు. ఈసారి వదిన ఆయన్ని చెయ్యెత్తి ఆపింది. ఆమె రెండో చెయ్యి మరదలి చేతిలోనే ఉంది.

"అద్దెకేనండీ" అన్నది, వెనక వరుసలో నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించేంత స్పష్టంగా. "నాకు ఇల్లుంది."